అత్తమ్మ నన్నే రమ్మన్నది

మొన్న హన్మకొండలో గర్భసంచి పరీక్షకని వెళ్తే, నా మనవరాలి ఈడున్న డాక్టరమ్మ ముందుగా నా మోకాళ్ల మీద దుప్పటి కప్పి, ఏం చేయబోతున్నదో చెప్పి, మొదలుపెట్టమంటారా అని అడిగింది. ఆపమంటే ఆపేస్తానని కూడా అన్నది. డాక్టరు మనల్ని అడగడమేమిటని బిత్తరపోతూనే ఊఁ అన్నాను. ఆ పరీక్ష బల్లల మీద ఒకప్పుడు మనల్ని ఎలా చూసేవారో నా వయసు ఆడవాళ్లకు విడమరిచి చెప్పనక్కరలేదు. ఇంటికొచ్చే దారి పొడుగునా మా అత్తమ్మే గుర్తుకొచ్చింది.

మాది వరంగల్ బజారులో బట్టల దుకాణం. గల్లాపెట్టె దగ్గర కూర్చునేది మామగారే అయినా, ఇంటినీ దుకాణాన్నీ నడిపింది అత్తమ్మ. ఆమెకూ నాకూ ఉప్పూ నిప్పూ. మా ఇంట్లో నుంచి అరుపులు వినబడని రోజున, ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమోనని ఇరుగుపొరుగు వచ్చి అడిగేవారు. అంతటి నోరున్న మనిషి, ముట్లుడిగిన ఎన్నో ఏళ్లకు మళ్లీ రక్తం కనబడితే, నెలల తరబడి ఎవరికీ చెప్పకుండా గుడ్డలు తానే ఉతుక్కున్నది. చివరికి మాకు తెలిసి ఒక దవాఖానకు తీసుకుపోతే, తలుపు తీసే ఉంచి, డాక్టరు చదువు చదివే పిల్లలను చుట్టూ నిలబెట్టి, ఇద్దరు ఆయాలు కాళ్లు గట్టిగా పట్టుకోగా పరీక్ష చేశారు. గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సరని తేలింది. వెంటనే వైద్యం మొదలుపెడితే బతుకుతుందన్నారు. అత్తమ్మ మాత్రం, చస్తే చస్తాను గానీ మళ్లీ ఆ బల్ల ఎక్కనన్నది. మామగారు బతిమాలారు, కొడుకులు కోప్పడ్డారు, ఆమె గోడవైపు తిప్పిన మొహం ఇటు తిప్పలేదు.

ఎవరో చెబితే, ఊరికే మాట్లాడి వద్దామని ఒప్పించి, ఒక పెద్ద వయసు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె ఆ రోజు అత్తమ్మను బల్ల ఎక్కించనే లేదు. పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, దేనికి భయమని అడిగింది. అన్ని రోజులుగా బతిమాలుతున్న మాకెవరికీ తట్టని ప్రశ్న అది. పసితనం వీడకముందే వచ్చిన మొదటి కాన్పులో నలుగురు కదలకుండా పట్టుకుని చనిపోయిన బిడ్డను బయటికి తీశారట. కాళ్లు పట్టుకుంటే చాలు, మళ్లీ ఆ గదిలోనే ఉన్నట్టుంటుందని అత్తమ్మ తల వంచుకుని చెప్పింది. ఎవరూ పట్టుకోరనీ, ఎక్కడ ఆగమంటే అక్కడే ఆగుతాననీ డాక్టరమ్మ మాటిచ్చి, అత్తమ్మకు నమ్మకమున్న మనిషిని పక్కన నిలబెట్టుకుని, ఆపాలనిపిస్తే ఆ మనిషి చెయ్యి నొక్కమన్నది.

పరీక్ష రోజున నా ఆడబిడ్డలిద్దరూ తయారై కూర్చున్నారు. అత్తమ్మ వాళ్లను వద్దని నా వైపు చెయ్యి చూపింది.

"బిడ్డలైతె ఏడ్సుకుంట నిలవడ్తరు. గీమెకు నోరున్నది, డాక్టరమ్మతోని సుత కొట్లాడుతది."

నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. బల్ల మీద ఆమె నా చెయ్యి నొక్కగానే, "ఆగుండ్రి మేడం" అని గది దద్దరిల్లేలా అరిచాను. డాక్టరమ్మ చేతులు వెంటనే వెనక్కి వెళ్లాయి. అత్తమ్మ కళ్లు తెరిచి, నిజంగానే ఆగిందా అన్నట్టు ఆమెను చూసింది. కాసేపటికి తానే, ఇగ కానియ్యమ్మా అన్నది. ఆ తరువాత కరెంటు పెట్టించడానికి, అదే రేడియేషన్‌కు, తిరిగినన్నాళ్లూ నేనే తోడు వెళ్లాను.

నయమై చాలా ఏళ్లు బతికింది. వైద్యం పూర్తయిన వారంలోనే, పచ్చిపులుసులో చింతపండు ఎక్కువైందని నన్ను వీధంతా వినేలా తిట్టింది. ఇప్పటి డాక్టర్లు తామే అడిగి చేస్తున్నారు, అరిచే కోడలితో పనిలేదు. ఆ అడగడమేదో అప్పుడే ఉంటే ఎందరు ఆడవాళ్లు ప్రాణాలతో మిగిలేవారో. నా కోడలు బంగారం, పల్లెత్తు మాట అనదు. నాకు మాత్రం అత్తమ్మ లేని లోటు అన్నం ముందు కూర్చున్నప్పుడే తెలుస్తుంది: నేను చేసిన పచ్చిపులుసు ఎంత పుల్లగా ఉన్నా, అందరూ బాగుందనే తింటారు.