గానుగ గోడ మీద సాబ్ పేరు

పోయిన నెల నా చేతిరాత ఎంత మంచిగుంటదో సర్కారే ఒప్పుకున్నది, ఎర్కేనా మీకు? జీపుల వచ్చిన ఆఫీసరు స్వయంగా అన్నడు, "నీ అక్షరాలు ఫర్లాంగు దూరంకెళ్లి కనవడ్డయ్ గంగారాం" అని. ఇర్వై ఏండ్ల సంది బోధన్ల గోడలు, బోర్డులు రాస్తున్న, గంత మంచి మాట ఎవ్వడూ అనలే. గా దినం సంది మా అన్న నాతోని ఒక్కటే సారి మాట్లాడిండు. చాయ్ చల్లారనియ్యకుండ్రి, మొదటికెళ్లి చెప్త.

మా అన్న రాజన్న మోస్రాల ఉంటడు. మూడెకరాల చెరుకు. బండి కట్టుకొని బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోతే గేటు కాడ మూడు దినాలు నిలవడాలె. చెరుకు ఎండిపోయి తేలికైతది, ఎడ్లు బక్కవడ్తయ్. గందుకే మా బాపు కాలం సంది పొలంలనే ఒక గానుగ ఉన్నది, ఎడ్లతోని తిప్పే ఇనుప గానుగ. రసం తీసి, పెద్ద కడాయిల కాచి, బెల్లం చేసి నిజామాబాద్ గంజ్‌కు తోల్తడు అన్న. ఇల్లంత దాని మీదనే నడుస్తది. మా బాపు పానం పొయ్యేటప్పుడు గూడ అన్నతోని "గానుగను ఇడువకు" అన్నడు. "తమ్మున్ని ఇడువకు" అనలే.

గిట్లుండంగ అసెంబ్లీల ఒక బిల్లు వచ్చింది. ఫ్యాక్టరీ చుట్టుముట్టు ఊర్లల్ల ఎవ్వడూ గానుగ నడపొద్దు, చెరుకంత ఫ్యాక్టరీకే పొయ్యాలె. దాని మీద ఓట్లు పెట్టిండ్రు, పాసయింది. వారం తిరగకముందే మన ఎమ్మెల్యే సాబ్ బోధన్ బజార్ల మైకు పట్టిండు. "గానుగల కోసం అసెంబ్లీల ఒక్కన్నే కొట్లాడిన. బిల్లు వద్దని ఓటేసిన. నేనుండంగ మీ గానుగ మీద చెయ్యి వెయ్యనియ్య" అన్నడు. జనం చప్పట్లు కొట్టిండ్రు. నేను గూడ కొట్టిన. నా చప్పట్లకు వేరే కారణం ఉండె, గోడల పని దొరుకుతదని.

దొరికింది. తెల్లారే సాబ్ మనిషి వచ్చి, నవీపేట్ సంది మాక్లూర్, మోస్రా దాక రాయమన్నడు. మాట ఒక్కటే: "గానుగను కాపాడిన మన సాబ్." కానీ ఊరి గోడల మీద కాదంట. గానుగలున్న కొట్టాల గోడల మీదనే రాయాలె, రోడ్డు మీద పొయ్యేటోళ్లకు కనవడాలె. ఏం తెలివి అనుకున్న నేను. సున్నం కొట్టి, జాజు రంగుతోని ఒక్కొక్క అక్షరం మూరెడు ఎత్తు లేపిన.

మోస్రాకు పొయ్యేసరికి అన్న కొట్టం ముందట రెండు ఖాళీ బండ్లు ఉన్నయ్. వదినె వాళ్ల తమ్ముడు తోలుకొచ్చిండు. వదినె తల్లిగారి ఊరు మంజీర అవతల. నది దాటితే మహారాష్ట్ర, మన చట్టం ఆడ లేదు. గానుగను విప్పి బండ్ల మీద ఏసుకుంటే పొద్దుగూకేసరికి అవతలికి చేరుతది. పక్క పొలం ఆంధ్రాయన తన గానుగను అప్పుడే పంపిచ్చేసిండు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూమి కొన్నాయన, మాట మెత్తగుంటది. అన్నను అడిగిండంట, "గోడ మీద రాసేది మీ తమ్ముడే కదండీ, రాయించేది ఎవరండీ?" అని. గందుకే అన్న బండ్ల కాడ నా కోసం చూసుకుంట నిలవడ్డడు.

"తమ్మీ," అన్నడు, "సాబ్ వద్దన్నది నిజమైతే గానుగ ఈడ్నే ఉంచుత. ఆయన అడ్డం పడ్తడు, ధైర్యముంటది. అబద్దమైతే ఇప్పుడే దాటిస్త. నువ్వు సదువుకున్నోనివి. రేపటి దాక బండ్లు ఆపుత. సూసి సెప్పు."

నేను చదువుకున్నోన్నే. నిజాం కాలంల, ఉర్దూ బడిల, నాలుగో తరగతి. తెలుగు బోర్డులు రాసుకుంటనే నేర్చుకున్న, తెలుగు పుస్తకం ఎన్నడు పట్టలే. ఇంగ్లీషంటరా, చీటీ మీద రాసిస్తే మక్కికి మక్కి గోడకెక్కిస్త, చదువుడు నా పని కాదు. సాబ్ జీపు మీద ఆయన పేరు ఇంగ్లీషుల రాసింది నేనే. ఫ్యాక్టరీ గేటుకు పెద్ద బోర్డు రాసింది గూడ నేనే.

తెల్లారి బస్సెక్కి నిజామాబాద్ లైబ్రరీకి పోయిన. అసెంబ్లీల ఎవరేం మాట్లాడిండ్రు, ఎవరు ఎటు ఓటేసిండ్రు, అంత అచ్చేసిన పుస్తకం ఆడికొస్తది. లైబ్రరీ సారు మంచోడు, వెతికి పుస్తకం తెరిచి ముందట పెట్టిండు. "గిదే నీ బిల్లు. మొదటి పేజీల సరేనన్నోళ్లు, తర్వాతి పేజీల వద్దన్నోళ్లు. పేరు చూసుకో" అని చెప్పి, పేపర్లకోసం లొల్లి పెడ్తున్న ముసలాయన దిక్కు పోయిండు.

రెండు పేజీలు ఎదురెదురుంగ ఉన్నయ్. రెండింటి మీద ఒక్కొక్క ఇంగ్లీషు మాట, నాలుగేసి అక్షరాలు, చివరి రెండు అక్షరాలు ఒక్కటే తీరు. కుడి పేజీ మీది మాటల మొదటి రెండక్షరాలు నేనెక్కడనో రాసినట్టే అనిపిచ్చింది. ఎక్కడనో యాదికి రాలే, వదిలేసిన. పేర్ల మీద వేలు పెట్టి జీపు మీద రాసిన పేరు కోసం చూసుకుంట పోయిన. దొరికింది. ఎడమ పేజీల, పైకెళ్లి మూడోది.

ఇగ మీరే చెప్పుండ్రి. ఉర్దూ పుస్తకం ఎటుకెళ్లి మొదలైతది? కుడి దిక్కుకెళ్లి. నేనెరిగిన పుస్తకాలన్ని గంతే. కుడి పేజీ మొదటిది, ఎడమ పేజీ తర్వాతది. మొదటిది సరేనన్నోళ్లది, తర్వాతది వద్దన్నోళ్లది. సాబ్ ఎడమ పేజీల ఉన్నడు. అంటే వద్దన్నడు. లెక్క సాఫ్. సారును మళ్ల ఒక్కమాట అడిగితే నా నోటి ముత్యాలు రాలిపోవు. అడగలే. చదువుకున్నోన్ని గద.

మోస్రాకు పోయి కొట్టం ముందట గట్టిగ చెప్పిన, "నా కండ్లతోని చూసిన, సాబ్ వద్దన్నడు" అని. అన్న ముఖం తేటవడ్డది. బామ్మర్దిని బండ్లు తోలుకపొమ్మన్నడు. వదినె మాత్రం, "ఉత్త బండ్లు ఎందుకు, కడాయన్న పంపుదాం" అన్నది. అన్న ఒప్పుకోలే. "మా తమ్ముడు పుస్తకంల సూసొచ్చిండు" అన్నడు. గా మాట ఇప్పటికీ నా చెవులల్ల తిరుగుతనే ఉన్నది. ఆకుల వేడి బెల్లం పెట్టి తినమన్నడు, తిన్న. గా ఖుషీల అన్న కొట్టం గోడ మీద సాబ్ పేరు అన్నిటికంటె పెద్దగ రాసిన. పక్కన చెయ్యి బొమ్మ గూడ గీసిన, వేలు గానుగ దిక్కు చూపెట్టుకుంట. గా బొమ్మ ఎవ్వరూ అడగలే, నా సొంత తెలివి.

పది దినాలకు జీపు, లారీ వచ్చినయ్. చెరుకు తోటల నడుమ ఏ గానుగ ఎక్కడున్నదో పట్వారికి గూడ సరిగ ఎర్క లేదు. వాళ్లు ఎవ్వన్నీ అడగలే. నవీపేట్ కాడ మొదలువెట్టి నా రాతలు చూసుకుంట వచ్చిండ్రు. పదకొండు కొట్టాలు, పదకొండు గానుగలు. ఆఖరుది మా అన్నది.

కబురంది నేను ఉరికిపొయ్యేసరికి గానుగను విప్పి లారీకి ఎక్కిస్తున్నరు. అన్న ఎడ్లను పట్టుకొని నిలవడ్డడు. వదినె కొంగు నోట్లె కుక్కుకొని కడాయి కాడ కూసున్నది. ఆఫీసరు గోడ దిక్కు, నా చేతిల రంగు డబ్బ దిక్కు చూసిండు. గప్పుడన్నడు ఫర్లాంగు దూరం మాట. అని, "ఎట్లాగూ వచ్చినవ్, గానుగ మీద మా నంబరు రాయి" అని చీటీ ఇచ్చిండు. కాదనాల్సింది. కాదనలే. సర్కారోడు చెప్తే నా చెయ్యి దానంతటదే లేస్తది. మా బాపు కొన్న గానుగ మీద తెల్లరంగుతోని నంబరు రాసిన. ఏడ్పొచ్చింది నాకు. గా అక్షరాలు మాత్రం మంచిగనే వచ్చినయ్.

సాబ్‌ను పట్టుకుంట, పుస్తకం ముందట పెట్టి అడుగుత అని తెల్లారి మళ్ల లైబ్రరీకి పోయిన. "సారూ, మా సాబ్ వద్దన్న పేజీ జర కాయితం మీద రాసియ్యుండ్రి" అన్న. సారు చూసిండు. "మీ సాబ్ సరేనన్న పేజీల ఉన్నడు గదయ్యా" అన్నడు. నేను కొట్లాటకు దిగిన, మొదటి పేజీ గిది గద అని కుడి పేజీ మీద కొట్టి చూపెట్టిన. సారుకు నవ్వొచ్చింది. నా ముఖం చూసి ఆపుకున్నడు. "ఇంగ్లీషు పుస్తకం ఎడమకెళ్లి చదువుతరు గంగారాం" అని మెల్లగ చెప్పిండు. పుస్తకం మూసి సారుకిచ్చిన.

అట్లనే సాబ్ ఇంటికి పోయిన. అడిగిన, ఎందుకు సరేనన్నవ్ అని. సాబ్‌కు కోపం గూడ రాలే. "లోపల పార్టీ చెప్పినట్టు చెయ్యెత్తాలె, బయట జనం అడిగినట్టు మాట్లాడాలె. గదీ మా కొలువు. నువ్వు మాత్రం? ఎవడు రంగు తెచ్చిస్తే ఆని పేరు రాస్తవ్ గద" అన్నడు. ఆయన మీదకంటె నా మీదనే నాకు మంట లేసింది. పొయ్యేటప్పుడు, గా గోడలన్నిటికి సున్నం కొట్టెయ్యమన్నడు. పది కొట్టిన. పదకొండో దానికి అన్న అడ్డం నిలవడి, ఉండనియ్యి అన్నట్టు చెయ్యూపిండు.

ఇప్పుడు అన్న గూడ అందరి లెక్కనే ఫ్యాక్టరీ గేటు కాడ బండితోని నిలవడ్తున్నడు. మొన్న వదినె సద్ది కట్టి ఇస్తే నేను తీసుకపోయిన. బండి నీడకు కూసొని జొన్నరొట్టె తినుకుంట తల ఎత్తి చూసిండు. పైన నేను రాసిన బోర్డు.

"గిది నువ్వే రాసినవ్ గద," అన్నడు. ఇరవై దినాలకు మొదటి మాట. "ఏమని ఉన్నది?"

"నో అడ్మిషన్. లోపలికి రావద్దు అని, అన్నా. చీటీ ఇచ్చినాయన చెప్పిండు." గట్లంటనే నేను గూడ తల ఎత్తిన. మొదటి రెండక్షరాలు చూసిన. కుడి పేజీ యాదికొచ్చింది. గవే అక్షరాలు. "అన్నా," అన్న, "గీ 'నో' మాటనే పుస్తకంల గూడ ఉండె. వద్దన్నోళ్ల పేజీ మీద. సాబ్ పేరు దీని కింద లేకుండె."

అన్న చేతిల రొట్టె ఆగింది. బోర్డు దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. "అంటే నువ్వు రాసిన మాట నువ్వే సదవలేదా తమ్మీ?" అన్నడు.

"లేదన్నా."

అన్న ఖాళీ సద్దిగిన్నె నా చేతికిచ్చి ఎడ్ల కాడికి పోయిండు. ఇర్వై ఏండ్ల సంది ఇంగ్లీషు రాస్తున్న, మొదటి మాట చదివింది మాత్రం గా దినమే, గేటు బయట, సద్దిగిన్నె పట్టుకొని.