ముహూర్తానికి లేచిన స్విచ్‌లు

2017. రాజాంలో ఓ ప్రైవేటు ఆసుపత్రికి కొత్త బిల్డింగు. అంతస్తుకో నెట్‌వర్క్ స్విచ్, అంటే కంప్యూటర్లన్నిటినీ కలిపే పెట్టె, బిగించే పని నాది. ఒక్కోదాని ముందూ కూర్చుని సెట్టింగులు కొట్టే ఓపిక నాకు లేదు. అందుకే జీరో టచ్ పద్ధతి పెట్టాను. కరెంటిస్తే చాలు, స్విచ్ తనకి కావాల్సిన సాఫ్ట్‌వేర్, సెట్టింగులు నా లాప్‌టాప్ నుంచి అదే తెచ్చుకుని, ఓసారి ఆగి మళ్లీ లేస్తుంది. పై అంతస్తుది కింది దాని మీదుగా తెచ్చుకోవాలి కాబట్టి, కింద నుంచి ఒక్కోటీ వేద్దామనుకున్నాను.

డాక్టరుగారి తల్లి సత్యవతమ్మగారు ఒప్పుకుంటేనా! ముహూర్తం పెట్టించింది ఆవిడే.

"ఒకటొకటీ ఏటమ్మా? ముహూర్తం దాటిపోతాది. అన్నీ ఒక్కపాలే ఎయ్యండి."

"అది కాదండీ..." అనేలోపే కొబ్బరికాయ పగిలింది. ఎలక్ట్రీషియన్ అప్పన్న మెయిన్ ఆన్ చేసేశాడు.

ఇంకేముంది! కింది స్విచ్ తన పని కానిచ్చుకుని మళ్లీ లేవడానికి ఆగేసరికి పైవాటికి దారి తెగింది. తెచ్చుకుంటున్నది సగంలో వదిలేసి మళ్లీ మొదటికొచ్చాయి. ఎక్కడ చూసినా ఇంకా సిద్ధం కాలేదనే నారింజ దీపాలే. మధ్యాహ్నానికి పాత బిల్డింగు నుంచి రోగుల్ని తెచ్చేస్తారు. స్కాన్లు, ల్యాబ్ రిపోర్టులు వీటి మీదుగానే డాక్టర్లకి చేరాలి.

"ఓపాలి ఆపి ఎయ్యమంటారా మేడమ్?" అప్పన్న చెయ్యి మెయిన్ మీదే ఉంది.

"ముట్టుకున్నావంటే ఊరుకోను!" అని అరిచాను. సాఫ్ట్‌వేర్ రాసుకుంటుండగా కరెంటు పోతే ఆ పెట్టె ఇక లేవకపోవచ్చు.

సత్యవతమ్మగారు నా పక్కకొచ్చారు. చేతిలో కొబ్బరిచిప్ప ఇంకా అలాగే ఉంది.

"నిజం సెప్పమ్మా. నా ముహూర్తం బాగోలేదేటి? నా మూలానే నా కొడుకు ఆసుపత్రి సెడిపోనాదేటి?"

నా కోపం ఎటు పోయిందో. "ముహూర్తం బాగుందమ్మా. అన్నీ ఒకేసారి తోసుకుంటున్నాయి, అంతే. దారి దొరికేదాకా మళ్లీ మళ్లీ అడిగి, కావాల్సింది వాటంతట అవే తెచ్చుకుంటాయి. ఎవరూ కరెంటు ఆపకూడదు" అన్నాను. ఆవిడకి చెప్పానన్న మాటే గానీ, ధైర్యం చెప్పుకున్నది నాకే.

ఆవిడ కుర్చీ లాక్కుని మెయిన్‌కి అడ్డంగా కూర్చున్నారు. కాసేపటికి డాక్టరుగారే కంగారుగా వచ్చారు.

"అమ్మా, లే. ఒకసారి ఆపి చూద్దాం."

"నోర్ముయ్‌రా! అవి తెచ్చుకుంతన్నాయి."

నేను గోళ్లు కొరుక్కుంటూ లాప్‌టాప్ చూస్తూ ఉండిపోయాను. కింది అంతస్తు పచ్చబడింది. తర్వాత దాని పైది. ఆఖరిది పచ్చబడేసరికి మొదటి అంబులెన్సు గేటు దాటుతోంది. సత్యవతమ్మగారు అప్పుడు గానీ కళ్లు తుడుచుకోలేదు.

పని యంత్రానికి అప్పగించాక మనిషి చేతులు ఊరుకోవడమే కష్టమని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు అన్నీ ఒకేసారి వేసినా తట్టుకునేలా ముందే సర్దుకుంటాను. అయినా ఎక్కడికెళ్లినా మెయిన్ దగ్గర ఓ కుర్చీ వేయించి, అందులో ఆ యజమాని ఇంటి పెద్దావిడని కూర్చోబెడతాను.