అద్దకం షెడ్డులో తుమ్ముల డిస్కో

గొంతులో గరగర మొదలైతే కరక్కాయ ముక్క ఒకటి బుగ్గన పెట్టుకోవడం నాకు అలవాటు. నిన్న సాయంత్రమూ అదే చేశాను. ఆ వగరు నాలుక మీదికి దిగుతుంటే మిగతావాళ్ళకి దగ్గూ కషాయమూ గుర్తొస్తాయేమో గానీ, నాకు మాత్రం పెడనలో మా అద్దకం షెడ్డూ, కరక్కాయ పొడీ గేదెపాలూ కలిపిన నీళ్ళలో ముంచి ఎండేసిన గుడ్డల పచ్చి వాసనా, ఆ వాసన మధ్యలో ఎవరో మగమనిషి గొంతు చించుకుని తుమ్మే పాటా గుర్తొస్తాయి. నవ్వకండి, నిజంగానే అది తుమ్ముల పాటే.

మా నాన్న చాలా ఏళ్ళు ఊళ్ళో ఇంకొకరి షెడ్డులో బల్ల ముందు నిలబడి అచ్చు కొట్టాడు. ఆ వేసవిలో ధైర్యం చేసి మా ఇంటి వెనక తాటాకుల షెడ్డు వేసి, రెండు బల్లలు పెట్టి, సొంతంగా పని మొదలుపెట్టాడు. బందరు షావుకారు ఒకాయన తెల్లగుడ్డ పంపి దుప్పట్లు అద్దమన్నాడు. అవి ఆయనకి నచ్చితే షెడ్డు నిలుస్తుంది, నచ్చకపోతే నాన్న తల దించుకుని మళ్ళీ ఆ పాత బల్ల దగ్గరికే వెళ్ళాలి. తుమ్మితే ఊడే ముక్కు అంటారే, అలా ఉంది మా పరిస్థితి. సరిగ్గా అప్పుడే మా బాబాయి ఆ కాసెట్ పట్టుకొచ్చాడు.

బాబాయి గుడివాడ కాలేజీలో చదువుతున్నానని చెప్పుకునేవాడు. నేల ఊడ్చే బెల్‌బాటం ప్యాంటుతో, చెవులు కప్పేసిన జుట్టుతో, ఎవరినో బతిమాలి తెచ్చిన టేప్ రికార్డర్ చంకన పెట్టుకుని సెలవులకి దిగాడు. ఆ పాట ఏ భాషో మాకెవరికీ తెలియదు, తుమ్ము మాత్రం అచ్చ తెలుగు. దబదబమని డ్రమ్ములు మోగుతుంటే పాడేవాడు లైను చివర హా... హా... అని ఊరించి ఊరించి ఒక్క తుమ్ము తుమ్మేవాడు. నడుం మీద చేతులు పెట్టుకుని మోకాళ్ళు ఆడిస్తూ ఉండి, తుమ్ము రాగానే ముందుకు విసురుగా వంగడమే డాన్సు అని బాబాయి నేర్పాడు. తాటిముంజెల నీళ్ళు మోచేతుల దాకా కారుతుండగా, వాకిట్లో ఆరబెట్టిన మామిడికాయ ముక్కలు తొక్కుతూ, ఒకరి జడలు ఒకరి మొహాన కొట్టుకుంటుంటే పిల్లలమంతా పొద్దస్తమానం అదే ఆట. మా నాయనమ్మ వడియాలు పెడుతూ, తుమ్ము వినపడ్డ ప్రతిసారీ తల ఎత్తకుండా చిరంజీవ అని దీవించేది. ఎవరి బిడ్డో పాపం, ఇన్ని మిరియాలు కాచి ఇచ్చే దిక్కు లేదు కాబోలని ఒకటే బాధపడేది.

పిల్లల గొడవ పడలేక అమ్మ ఆ పాటల పెట్టెని షెడ్డులోకి పంపేసింది. అక్కడ నాన్నతో పాటు పాత షెడ్డు వదిలేసి వచ్చిన వీరాస్వామి మావయ్య ఉండేవాడు. మాకు చుట్టమేమీ కాదు, అయినా నాన్నకి బావ, మాకు మావయ్య. బంగారం లాంటి మనిషి, చెయ్యి కూడా అంతే, కానీ ఒంటి తుమ్ము వినపడితే కాలు కదపడు. పామర్రులో పెళ్ళికని బస్సెక్కి, వెనక సీట్లో ఎవరో తుమ్మారని దిగిపోయి, ఆ పెళ్ళే మానుకున్న ఘనుడు.

ఇప్పుడు పని సంగతి కాస్త చెప్పాలి. చెక్కతో చెక్కిన అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో గట్టిగా ఒక దెబ్బ వేస్తారు. ఎర్ర పువ్వులకి మాత్రం ముందు పటిక నీళ్ళతో అచ్చు వేస్తారు. అది గుడ్డ మీద కనపడీ కనపడనట్టు ఉంటుంది, రాగి కాగులో రంగు నీళ్ళతో ఉడికాకే ఎరుపు తేలుతుంది. మావయ్య అచ్చు ఆనించి పిడికిలి ఎత్తేసరికి పెట్టెలోవాడు తుమ్మేవాడు. మావయ్య ఆగిపోయి, అచ్చు తీసి, రామ రామ అనుకుని, మళ్ళీ ఆనించి కొట్టేవాడు. అలా ఒక్కో పువ్వుకి రెండేసి ముద్రలు పడ్డాయి, ఆనించిన చోట ఒకటి, కొట్టిన చోట ఒకటి. పాటకి తాళం వేస్తూ పక్క బల్ల మీద పని చేస్తున్న నాన్న కూడా ఇది గమనించలేదు.

కాగులోంచి తీసి, కాలవలో జాడించి, గట్టు మీద పరిచాక తెలిసింది. ప్రతి ఎర్ర పువ్వు పక్కనా వెలిసిపోయినట్టు ఇంకో పువ్వు. చూస్తే కళ్ళు తిరిగాయి. నాన్న షెడ్డులోకి వెళ్ళి పాట కట్టేశాడు. మావయ్య గట్టు మీద చతికిలబడిపోయాడు.

“తుమ్మింది వాడు, ఆగింది నేను బావా. షావుకారు గారికి నేనే చెప్పుకుంటాను,” అన్నాడు.

నాన్న మళ్ళీ పాత షెడ్డుకి వెళ్ళిపోతాడని నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. అన్నం దగ్గర ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

షావుకారు వచ్చి దుప్పటి పరిపించాడు. వేలితో పువ్వులు తడిమి, కళ్ళజోడు తీసి, ఇవి నాకు వద్దు అనబోతున్నాడని మా అందరికీ తెలిసిపోయింది. ఆయన నోరు తెరిచాడో లేదో, తలుపు చాటు నుంచి నాయనమ్మ ఇల్లు అదిరేలా తుమ్మింది. ఒక్కటే తుమ్ము. ఎంత షావుకారైనా ఈ గడ్డ మీద పుట్టినవాడేగా, మాట నోట్లోనే ఆగిపోయింది. మావయ్య పరుగున కుర్చీ వేశాడు, అమ్మ మంచినీళ్ళిచ్చింది. ఆయన కూర్చుని, తాగి, దోషం పోయేదాకా ఆగాల్సి వచ్చింది. నాన్నకి తన మాట చెప్పుకోవడానికి ఆ కాస్త వ్యవధి దొరికింది.

“తప్పు మాదేనండి. ఒక్క కాగు చెడింది గానీ, చెయ్యి చెడలేదండి,” అన్నాడు.

షావుకారు నాన్న చేతి వంక చూశాడు. పిడికిలి అంచున కాయ కాచి, నల్లబడి ఉంది.

“దుప్పట్లుగా ఇవి నేనమ్మలేనయ్యా. పామర్రులో మా బావమరిది షామియానాలు అద్దెకిస్తాడు, పక్క తెరలకి పట్టుకెళ్తాలే. మళ్ళీ గుడ్డ పంపుతాను, ఈసారి పాటల్లేకుండా కానివ్వండి,” అన్నాడు.

ఆ తర్వాత గుడివాడలో పెళ్ళికెళ్ళినా, బంటుమిల్లిలో బారసాలకెళ్ళినా మా జంట పువ్వుల తెరలే ఎదురయ్యేవి. వాటి పక్కన కూర్చుని, ఆకులో వడ్డించిన బూరెలు తింటూ, ఇవి మా నాన్న అద్దినవేనని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేదాన్ని. మావయ్య మాత్రం వాటికి వీపు పెట్టి కూర్చునేవాడు. నాయనమ్మని తుమ్ము సంగతి అడిగితే, తుమ్ముకి కూడా ముహూర్తం పెట్టించుకోవాలా అని కసిరేది. కానీ షావుకారు వెళ్ళిన వెంటనే ఆవిడ కొంగుతో నా మొహం తుడిచినప్పుడు ఆ కొంగు ముక్కుపొడుం వాసన వేసింది. ఆవిడకి పొడుం అలవాటు లేదు.

ఇప్పుడా తాటాకుల షెడ్లు లేవు. చాలా చోట్ల స్క్రీన్ ప్రింటింగు వచ్చాక వీధంతా వినపడే ఆ పిడికిలి దెబ్బల చప్పుడూ తగ్గిపోయింది. పెళ్ళిళ్ళు ఏసీ హాళ్ళలోకి వెళ్ళిపోయాయి, తుమ్మితే ఎవరూ ఆగడం లేదు, దూరం జరుగుతున్నారు. ఆ పాట కోసం ఫోనంతా వెతికాను, దొరకలేదు. బట్టతల వచ్చిన బాబాయి రెండు లైన్లు కూనిరాగం తీసి, నవ్వొచ్చి, మిగతాది మర్చిపోతాడు. వేళ్ళు ముడుచుకోవడం కష్టమయ్యేదాకా నాన్న తన బల్ల దగ్గరే పని చేశాడు. ఎన్నో పెద్ద షెడ్లవాళ్ళు రమ్మన్నా వెళ్ళలేదు. ఎందుకెళ్ళలేదని మొన్న అడిగాను. ఆయన చాలాసేపు నవ్వాడు.

“తలుపు సందులోంచి నాకు కనపడుతూనే ఉందే. ఆ తుమ్ము రావడానికి మా అమ్మ ఎంత అవస్థ పడిందో, కళ్ళెంబట నీళ్ళు కారిపోయాయి. అంత కష్టపడి నిలబెట్టిన బల్లని ఎలా వదిలిపెట్టను?” అన్నాడు.