ఒక్క కాయ దగ్గర ఆగిన ఈత

ఈత వచ్చా అని ఎవరైనా అడిగితే నలభై ఏళ్ళుగా నాది ఒకటే జవాబు: ముప్పాతిక వంతు వచ్చు. నవ్వుతారు. వస్తే వచ్చినట్టు, రాకపోతే రానట్టు, మధ్యలో ఈ ముప్పాతిక ఏమిటంటారు. వాళ్ళు కవిటి వైపు కొబ్బరితోటల్లో పుట్టలేదు, అందుకని అలా అంటారు.

మా తోటల్లో పిల్లలకు దిగుడునూతిలో ఈత నేర్పే పద్ధతి ఒకటుండేది. బాగా ఎండిన, పీచు తీయని కొబ్బరికాయలు రెండు తెచ్చి, ఒక్కోదాని పీచు కాస్త చీల్చి, ఆ పీచుతోనే రెండింటినీ ముడేస్తారు. ఆ జతను పిల్ల నడుముకు కడతారు. ఇంకో తాడు కూడా కట్టి దాని కొస పెద్దవాళ్ళు పట్టుకుంటారు. కొన్నాళ్ళు జత కాయలతో కొట్టుకోవాలి. కాళ్ళూ చేతులూ కుదిరాక ఒక్క కాయతో. చివరికి ఒకరోజు ఆ కాయా విప్పేస్తారు. ఆ రోజు ఆ పిల్ల ఇంట్లో పరమాన్నం వండేవారు.

నాకు నేర్పింది అన్నయ్య. నాకంటే ఆరేళ్ళు పెద్ద. నా జ్ఞాపకంలో అన్నయ్య తడిసిన జుట్టుతో, నా పక్కనే నీళ్ళలో ఈదుతూ, తాడు పట్టుకుని ఉంటాడు. నేను "తాడు ఒగ్గీకు, తాడు ఒగ్గీకు" అని అరిచేదాన్ని, ఎక్కడ వదిలేస్తాడోనని. "నానున్నాను గదేటి, బయమేటి?" అనేవాడు. ఆ మాట నూతి గోడలకు కొట్టుకుని రెండోసారి కూడా వినబడేది. రెండు కాయలు ఒక్కటయ్యాయి. "ఎల్లుండి ఇదీ ఇప్పీత్తాను" అన్నాడు.

ఆ మర్నాడే నేను పెద్దమనిషినయ్యాను. మూల కూర్చోబెట్టి, చిమ్మిలి తినిపించి, కొత్త పరికిణీ కట్టి, "ఇంక నూతిలో దిగినావంటే కాళ్ళిరగ్గొడతాను" అంది మా అమ్మ. ఆ ఏడు ఇంట్లో పరమాన్నం వండారు కానీ నా ఈత కోసం కాదు. చాలా ఏళ్ళు ఆ కాయ మోటారు షెడ్డులో మేకుకు వేలాడుతూనే ఉండేది. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా దాన్ని చూసి మా అమ్మ మీద కోపం తెచ్చుకునేదాన్ని. కొన్నేళ్ళ కిందటి పెద్ద తుఫానుకు తోటలో చెట్లన్నీ పడిపోయినప్పుడు షెడ్డు రేకులతో పాటు అదీ కొట్టుకుపోయింది. అమ్మ అంతకు ముందే పోయింది. ఇంక కోపగించుకోవడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

నేను టెక్కలిలో ఒక ఆఫీసులో గుమస్తాని, ఉండేది పలాసలో. మా ఆయన సైన్సు మాస్టారు. ఇద్దరికీ సెలవు కలిసొచ్చిన ఏడాది అండమాన్ వెళ్దామన్నాను. దీవుల చుట్టూ లోతు లేని, అలల్లేని నీళ్ళుంటాయని మా ఆఫీసులో ఒకావిడ చెప్పింది. మన బారువ దగ్గర సముద్రం నడుముకు తగిలితే మనిషి నిలబడలేడు. అక్కడైతే ఈదొచ్చు. ఆ కాయ విప్పించుకోవడం ఒక్కటే నాక్కావాలి. యాభై దాటాయి, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, ఇప్పుడు కాకపోతే ఇంక లేదు. విప్పేది మాత్రం అన్నయ్యే అయి ఉండాలి.

అన్నయ్య ఒకంతట ఒప్పుకోలేదు. తుఫాను తర్వాత వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే గెలలేస్తున్నాయి. అప్పట్నుంచి ఒక్క రాత్రి కూడా తోట వదిలి ఎక్కడా పడుకోలేదు.

"మొక్కలకి నీళ్ళెవులు పోత్తారు? నాను రాను."

"వదినుంది, పాలేరున్నాడు."

"కాలు నొప్పి కూడాను."

"నువ్వు కట్టిన కాయ నువ్వే ఇప్పాల. పరాయోడి సేత ఇప్పించుకోమంటావేటి?" అన్నాను. నాకు కోపం వస్తే టెక్కలి ఆఫీసు భాష పోయి కవిటి భాష వచ్చేస్తుంది. అన్నయ్య చివరికి సరే అన్నాడు.

తోటలోంచి రెండు మంచి కాయలు ఏరి, జత కట్టి, పాత చీరలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. విశాఖ విమానాశ్రయంలో ఆ సంచి తనిఖీ మిషన్‌లోకి వెళ్ళి ఆగిపోయింది. అక్కడి అమ్మాయి చీర విప్పి చూసి, "ఇవేంటి మేడమ్?" అంది.

"ఈతకాయలు," అన్నాను.

ఆ అమ్మాయి ఇంకో ఉద్యోగిని పిలిచింది. ఆయన కాయలు ఊపి చూశాడు. ఎండుకొబ్బరి విమానంలోకి కుదరదని రూలుందట. ఈత గురించి, నూతి గురించి, మా అమ్మ గురించి కూడా చెప్పాను. వెనక లైను పెరిగిపోతోంది. కాయలు తీసి పక్కన పెట్టేశారు. మా ఆయన చెవులదాకా ఎర్రబడి, "పెళ్ళికెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, అండమాన్‌కి కొబ్బరికాయలా?" అన్నాడు. అన్నయ్య మాత్రం ఏ బాధా లేకుండా, "పోనీలే సెల్లీ, యోగం నేదు" అన్నాడు. మొహంలో ఒక తేటదనం కూడా కనిపించింది. విమానం ఎక్కబోతున్న సంబరం కాబోలనుకున్నాను.

మేం దిగిన దీవి చిన్నది. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడలో రెండు గంటలు. మమ్మల్ని తిప్పిన పడవ యజమానికి యాభై ఏళ్ళుంటాయి, ఎండకు నల్లగా కాగిపోయి ఉన్నాడు. మా ఆయన వచ్చీరాని హిందీలో బేరమాడుతుంటే కాసేపు విని, "ఏవూరండి మీది?" అన్నాడు. పలాస అన్నాం. "మా తాతది సోంపేట సైడండి. నానిక్కడే పుట్టినాను" అని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. మా ఆయన సంచిలోంచి జీడిపప్పు పొట్లం తీసి చేతిలో పెట్టాడు. బేరం అక్కడితో ముగిసింది.

మొదటి రోజు పగడాలు చూడ్డానికి తీసుకెళ్ళాడు. నారింజరంగు జాకెట్లు తొడిగి, మొహానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టి నీళ్ళలోకి దింపాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంటూ ఊరినుంచి గొణుగుతున్న మా ఆయన, ఒకసారి మొహం నీళ్ళలో పెట్టాక ఇంక పైకి రానంటాడు. పసుపు చారల చేపలట, నీలం చేపలట, ముట్టుకుంటే ముడుచుకునే పువ్వులాంటి జంతువట. మెడా చేతులూ కమిలి అప్పడమైపోయినా క్లాసు ఆపలేదు. నేనూ చూశాను, బాగున్నాయి. అబద్ధం చెప్పను, కళ్ళు చెదిరాయి. కానీ జాకెట్టు నన్ను మూటలా తేల్చేసింది. కాళ్ళాడించినా అంతే, ఆడించకపోయినా అంతే. దాన్ని ఈత అనడానికి నాకు మనసొప్పలేదు.

అన్నయ్య దిగలేదు. "నాను బోటు సూసుకుంటాను, మీరెల్లండి" అన్నాడు. పడవ యజమాని పడవలోనే ఉండగా ఈయన చూసుకునేదేమిటో నాకర్థం కాలేదు. ఒడ్డునున్న కొబ్బరిచెట్లు చూస్తూ కూర్చున్నాడు. కాయ పెద్దదే గానీ మన ఉద్దానం కాయకున్న రుచుండదని, తాగకుండానే తేల్చేశాడు.

రెండో రోజు మడచెట్ల మధ్య కాలవలో చిన్న తెడ్ల పడవలు. మా ఇద్దరిదీ మూడుసార్లు వెళ్ళి చెట్టుకే గుద్దుకుంది. తెడ్డు ఎటు వేయాలో మా ఆయన సూత్రాలతో చెబుతుంటే, నేను ఎదురు వేసేదాన్ని. అన్నయ్య అదీ ఎక్కలేదు, కాలు నొప్పన్నాడు. ఆ సాయంత్రం కొండ మీది దీపస్తంభానికి కాలిబాట ఉందంటే అదే కాలితో మా ఇద్దరికంటే ముందు ఎక్కేసి, పైనుంచి చెయ్యూపాడు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

మూడో రోజు పొద్దున్నే పడవాయన మమ్మల్ని స్నానాల రేవుకు తీసుకెళ్ళాడు. మొసళ్ళు రాకుండా సముద్రంలో వల కట్టి ఉంచారు. లోపల అలలు లేవు, అడుగున ఇసుక కనబడుతోంది. అన్నయ్య ఆ వల వైపు చూసి, "సముద్దరానికి గట్టేసినారు" అన్నాడు. ఒడ్డంతా రాలి ఎండిన కాయలే. రెండు ఏరి తెచ్చి అన్నయ్య ముందు పెట్టాను.

అన్నయ్య వాటిని ఒక్కొక్కటే తీసుకున్నాడు. చెవి దగ్గర ఊపాడు. తర్వాత పీచు చీల్చి, ముడేసి, గట్టిగా లాగి చూసుకున్నాడు. చేతులకు ఏమీ మరుపు రాలేదు. చుడీదారు మీదే నా నడుముకు కట్టి, సంచి తాడు కూడా కట్టి కొస పట్టుకున్నాడు. మా ఆయన ఒడ్డున జాకెట్టు తొడుక్కునే నిలబడ్డాడు, అవసరమైతే దూకుతానని.

నీళ్ళు చన్నీళ్ళు కావు. ఛాతీ లోతుకు వెళ్ళి కాళ్ళు వదిలేశాను. నేను దేన్నీ గుర్తు తెచ్చుకోలేదు. కాళ్ళకే గుర్తుంది. కాసేపటికి ఒడ్డుకొచ్చి ఒక కాయ తీయించుకున్నాను. అదీ కుదిరింది. నలభై ఏళ్ళ కిందట ఆగిన చోటికి వచ్చేశాను. మళ్ళీ ఛాతీ లోతుకు వెళ్ళి నిలబడి, "రా అన్నియ్యా, వచ్చి ఇప్పు" అని కేకేశాను.

అన్నయ్య మోకాలి లోతులో నిలబడి ఉన్నాడు. రాలేదు.

"రమ్మంతంటే!"

"నువ్వే ఇటు రా."

"ఇప్పాల్సింది ఇక్కడ. నీళ్ళలో. అలగే గదా ఇప్పీది?"

అన్నయ్య కదల్లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత దూరం తీసుకొచ్చి, ఇన్నేళ్ళు కాచుకుంటే, నాలుగడుగులు వేయడానికి ఏం వచ్చింది? నీళ్ళు తన్నుకుంటూ ఎదురుగా వెళ్ళి నిలబడి, నోటికొచ్చింది అన్నాను. అమ్మ మీద దాచుకున్నది కూడా అన్నయ్య మీదే కుమ్మరించాను. అంతా విని, నెమ్మదిగా అన్నాడు:

"నాకు ఈత రాదు సెల్లీ."

"ఏటీ?"

"రాదు. ఎప్పుడూ రానేదు. పక్క తోటోళ్ళు పిల్లలకి నేర్పుతుంటే సూసీవోడిని. నాకు ఎవులూ నేర్పనేదు. మీసాలొచ్చినాక సిన్న పిల్లల్లో కలిసి కాయలు కట్టుకోడానికి సిగ్గేసింది."

తడిసిన జుట్టుతో నా పక్కన ఈదిన అన్నయ్య కోసం వెతుక్కున్నాను. లేడు. నూతి మూడో మెట్టు మీద, పొడి నిక్కరుతో, తాడు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని వంగి నిలబడిన కుర్రాడు ఒకడున్నాడు. ఇన్నేళ్ళూ నేనే వాణ్ణి నీళ్ళలోకి దింపి పెట్టుకున్నాను.

"రానోడివి నాకెందుకు నేర్పినావు?"

"నువ్వెప్పుడూ నూతి గట్టు మీదే ఉండీదానివి. బువ్వ తినడం కూడా అక్కడే. పడితే నానేటి సేత్తాను? దిగలేను గదా. నీకే వచ్చీస్తే బయం నేదనుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు. అన్నయ్య మోకాలి లోతులోనే వంగి నా నడుముకున్న ముడి విప్పాడు. తాడూ విప్పేశాడు. "ఎల్లు" అన్నాడు.

వెళ్ళాను. ముందు ఒక గుక్క ఉప్పునీళ్ళు మింగాను. కాళ్ళు ఇసుకను వెతికాయి, వెతకొద్దన్నాను. తర్వాత ఏ కాయా లేకుండా, ఏ జాకెట్టూ లేకుండా, వల దాకా వెళ్ళి తిరిగొచ్చాను. అంతే. పెద్ద దూరమేమీ కాదు, నాకు చాలు. మా ఆయన ఒడ్డున చప్పట్లు కొట్టి, "పరమాన్నం లేదు, ఇది తిను" అని తడి చేతిలోనే జీడిపప్పు పోశాడు.

నములుతూనే కాయలు రెండూ మళ్ళీ జత కట్టి అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. చూడగానే అర్థమైపోయింది.

"ఒద్దే. ఈ వయసులోనా? ఎవులైనా సూత్తే?"

"ఇక్కడ మనల్ని ఎరిగినోళ్ళెవులున్నారు?"

"ఆ సోంపేటాయన సూత్తన్నాడు."

పడవాయన వెంటనే మొహం తిప్పుకుని, ఇంజనుకు ఏదో పాడైనట్టు దాని మీదికి వంగిపోయాడు. "కట్టించుకో బావా, వీపు కమిలితే కమిలింది" అన్నాడు మా ఆయన. అన్నయ్య చొక్కా విప్పి మడతపెట్టి, చేతివాచీ దాని మీద పెట్టి, చేతులు పైకెత్తి నిలబడ్డాడు. పంచె మీద నడుముకు కాయలు కట్టాను. తాడు నా మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాను.

మోకాళ్ళు దాటింది. నడుము దాటింది. ఛాతీ దగ్గర ఆగి, అరవైకి దగ్గరపడ్డ నా అన్నయ్య నా భుజం పట్టుకున్నాడు.

"తాడు ఒగ్గీకే," అన్నాడు.

"నానున్నాను గదేటి, బయమేటి?" అన్నాను.

అన్నయ్య కాళ్ళు ఇసుక వదిలాయి. నోట్లోంచి ఆ మాట వచ్చేశాక గాని నాకు తెలియలేదు, మూడో మెట్టు మీద నిలబడి దాన్ని అనడానికి ఎంత ధైర్యం కావాలో. నేను అన్నప్పుడు నాకు ఈత వచ్చు. అన్నయ్య అన్నప్పుడు అన్నయ్యకు రాదు.