దుమ్ము డబ్బాలో ముక్కుపుడక

ఈరన్నకు మనుషుల కంటే మిషన్ల మీదే నమ్మకం. మిషన్ చెడిపోతే చెడిపోయానని మొరాయించి చెబుతుంది, మనిషి చెప్పడు అంటాడాయన. ఆ మాట వెనక ఒక కథ ఉంది. కళ్యాణదుర్గం పక్కన సొంత ఊళ్ళో తాగునీళ్ళ బోరు చూసుకునే రోజుల్లో ఉన్నట్టుండి మోటారు మాయమైంది. గది తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. ఎవరూ నోరు తెరిచి దొంగ అనలేదు. అనకుండానే ఏడాదిపాటు చంపుకుతిన్నారు. ఇక ఓర్చుకోలేక భార్యను తీసుకుని చిలమత్తూరు చేరాడు.

ఇక్కడ బెంగుళూరు హైవే పక్కన, ఎవరి కారు వాళ్ళే కడుక్కునే చోటు ఒకటుంది. నీళ్ళు ట్యాంకరులో రావాలి కాబట్టి ఓనరు మల్లికార్జున నీళ్ళ కంటే దుమ్మునే ఎక్కువ నమ్ముకున్నాడు. దుమ్ముకు ఈ సీమలో ఏనాడూ కరువు లేదు కదా! నాలుగు వ్యాక్యూమ్ మిషన్లు నిలబెట్టాడు. పది రూపాయల బిళ్ళ వేస్తే చాలు, ఐదు నిమిషాలు గుర్రుమంటూ కారులోని దుమ్మంతా లాగేస్తాయి. ఇరుక్కున్న బిళ్ళలు తీయడం, ఫిల్టర్లు తట్టడం, రోజూ సాయంత్రం పైపులు విప్పి దులపడం ఈరన్న పని. దుమ్ము డబ్బాలు ఖాళీ చేసేది సువార్త.

సువార్తకు ముప్పై ఏళ్ళుంటాయి. మాట తక్కువ, పని ఎక్కువ. అదే ఈరన్నకు నచ్చలేదు. ఆమె డబ్బాలోని దుమ్మును నేరుగా చెత్తగుంతలో పోయదు. శెనక్కాయలు జల్లించే పాత జల్లెడలో పోసి, వంగి కూర్చుని, వేళ్ళతో ఏదో ఏరి కొంగున ముడేసుకుంటుంది. ఈరన్న అటు వస్తే వీపు తిప్పేస్తుంది.

"ఏముంటాదమ్మా దాంట్లో?" అని ఒకసారి అడిగాడు.

"ఏమీ లేదులేన్నా."

ఏమీ లేనిదానికి ముడెందుకు? ఆ ప్రశ్న ఆయన్ను నెలరోజులు నిద్రపోనివ్వలేదు. కార్లలో జనం ఏమేమి పారేసుకుంటారో ఆయనకు తెలుసు. పనిచేస్తున్నంతసేపూ ఒక కన్ను మిషన్ మీద, ఒక కన్ను ఆమె కొంగు మీద. ఆ ఆదివారమైతే ఆమె వెనకాలే తచ్చాడుతూ పైపులు దులపడం కూడా మరిచిపోయాడు.

సోమవారం మధ్యాహ్నం మల్లికార్జున ముఖం మాడ్చుకుని వచ్చాడు. నిన్న కారు తుడుచుకుని పోయిన బెంగుళూరు ఆవిడ ఫోన్ చేసిందట. వజ్రపు ముక్కుపుడక కనపడలేదట, మూడో మిషన్ లాగేసి ఉంటుందంటోందట.

"డబ్బాలో పడింటే మీ ఇద్దరి చేతులు దాటి యాడికీ పోదప్పా ఈరన్నా. రేపటికి దొరకల్ల. లేదంటే ఇద్దరూ వేరే పని చూసుకోండి."

ఈరన్నకు బోరు మోటారు గుర్తొచ్చింది. మళ్ళీ అదే నింద! ఈసారి తన మీద పడనివ్వకూడదు అనుకున్నాడు. అనుకున్నదే తడవుగా బయటికి పరుగెత్తాడు. సువార్త పని ముగించుకుని ఎర్రప్ప టీ అంగడి ముందు ఆటో కోసం నిలబడి ఉంది. బెంచీల నిండా జనం.

"సువార్తా, కొంగు ముడి విప్పు."

ఆమె ముఖం పాలిపోయింది. "ఈడ వద్దన్నా. లోపలికి రా, చూపిస్తా."

"లోపలెందుకు? ఏమీ లేదంటివి కదా. ఈడే విప్పు."

విప్పింది. పసుపు అక్షింతలు, ఎండిపోయిన పూరెక్కలు, చిరిగిన దేవుడి పటం ముక్క. పూజ చేయించుకుని వచ్చే కొత్త కార్లలో రాలేవి అవన్నీ.

"నేను చేరిన దినం నువ్వే అంటివి గదన్నా, అక్షింతలు కాలికింద పడితే మనసొప్పదని. గుంతలో వేస్తే తొక్కుతారని, ఏరి ఆ కానుగ చెట్టు మొదట్లో పోస్తాండా. మా చర్చోళ్ళకు తెలిస్తే ఏమంటారో అని చెప్పలే."

ఆమె మళ్ళీ ముడేసుకుని ఆటో ఎక్కింది. ఈరన్న ఆ సాయంత్రం కూడా పైపులు దులపకుండానే ఇంటికి పోయాడు. మరునాడు సువార్త పనికి రాలేదు.

ఆ పొద్దున మూడో మిషన్ సరిగా లాగడం లేదని ఒక డ్రైవరు గొడవపడ్డాడు. ఈరన్న పైపు విప్పి నేలకేసి తట్టాడు. వంపు దగ్గర చిక్కుకున్న వెంట్రుకల ఉండ ఊడిపడింది. దానిలో ముక్కుపుడక మెరిసింది. ఆదివారం తన పని తాను చేసుంటే అప్పుడే దొరికేది! సిగ్గుతో చచ్చిపోయాడు.

ముక్కుపుడక ఓనరుకిచ్చి, నేరుగా సువార్త ఇంటికి పోయాడు. ఆమె గడపలో కూర్చుని కూలికి శెనక్కాయలు వొలుస్తోంది.

"దొరికిందమ్మా. పైపులో ఉండె. తప్పు నాదే. పనికి రా."

ఆమె తల ఎత్తలేదు. "నేను తీయలేదని నాకు తెలీదా అన్నా? నాకు చెప్తే ఏమొస్తాది? యాడ విప్పించినావో ఆడ చెప్పు."

న్యాయమే అనిపించింది. సాయంత్రం టీ వేళకు ఎర్రప్ప అంగడికి పోయి, బెంచీల ముందు నిలబడి గొంతు పెంచాడు.

"అప్పా, ముక్కుపుడక దొరికింది. మిషన్ పైపులో ఇరుక్కొని ఉండె. పైపు దులపకుండా వదిలేసింది నేను. సువార్త తప్పు ఏమీ లేదు."

"నలుగుర్లో నిలబెడితే గాని పైపులోకి రాలేదన్నమాట!" అన్నాడొకడు. బెంచీలన్నీ నవ్వాయి.

"కాదప్పా! నా చేత్తో నేనే తీసినా. ఆయమ్మ ఈ పొద్దు పనికే రాలేదు."

"రాత్రి ఎవరితోనో పంపించింటుందిలే," అన్నాడు ఇంకొకడు.

ఈరన్న మొదటినుంచీ మళ్ళీ చెప్పాడు. ఆదివారం నుంచి పూసగుచ్చినట్టు చెప్పాడు. చెప్పినంతసేపూ అందరూ తలలూపారు. ఎర్రప్ప టీ గ్లాసు తెచ్చి ఆయన చేతిలో పెట్టి, జాలిగా భుజం తట్టాడు.

"నీది మెత్తని మనసు ఈరన్నా, కడుపులో పెట్టుకుంటివి. ఆయమ్మ మళ్ళీ పనికొస్తే మాత్రం ఒక కన్నేసి ఉండు."