ఎడమకు వాలిన పోగు

చేసిన వస్తువులో చేసిన మనిషి మిగిలే ఉంటారని లోకం సులువుగా అంటుంది. పరామర్శకు వచ్చినవాళ్లందరూ చెల్లెలితో ఆ మాటే అన్నారు. ఆమె తల ఊపింది. మాట చెవిన పడింది గాని లోపల ఎక్కడా తగల్లేదు.

అక్క పోయి పదకొండు రోజులు. కిటికీ పక్క బల్లమీద ఆమె సరంజామా అలాగే ఉంది: రేకుల్లా కత్తిరించిన అట్టముక్కలు, రాగితీగ, పట్టకారు, జిగురు గిన్నె, ముదురెరుపు పట్టు చుట్ట. అట్టకు తీగ అతికించి, వెంట్రుకంత సన్నగా విడదీసిన పోగును సందు కనపడకుండా చుట్టాలి. ఐదు రేకులు కలిస్తే పువ్వు. అక్క మూడు చుట్టింది.

నాటకాలకు దుస్తులు కుట్టే ఆవిడ మధ్యాహ్నం వచ్చింది.

"శనివారానికి కావాలి పిన్నీ. ఆ రెండూ నువ్వు చుట్టెయ్. నీ చెయ్యేం తక్కువా?"

"తక్కువని కాదే. అక్కది ఎడమచెయ్యి. దాని పోగు అటు వాలుతుంది, నాది ఇటు. పక్కపక్కన పెడితే స్టేజీ వెలుగులో రెండు రంగుల్లా కొడతాయి."

"అంత ఎవరు చూస్తారు?"

"నువ్వు చూడవు. దీపం చూస్తుంది."

నలభై ఏళ్లు ఒకే బల్లకు ఇటూ అటూ కూర్చున్నారు గాని, ఒకే పువ్వుమీద ఇద్దరి చేతులూ ఎన్నడూ పడలేదు. "నీ పువ్వు నీలాగే, అందరూ ఇటు చూస్తే అది అటు చూస్తుంది" అని చెల్లెలు ఎత్తిపొడిచేది. "నీదేమో అందరూ ఎటంటే అటే" అని అక్క అంటించేది.

ఆ ఎరుపు అక్క స్వయంగా అద్దినది. సరిగ్గా రెండు రేకులకే మిగిలింది. విప్పి చుడితే పట్టు నలిగి మెరుపు చస్తుంది. కాబట్టి తప్పుకు చోటు లేదు.

ముందు పాత తెల్లదారంతో చూసింది. కుడిచేత్తో వెనక్కి తిప్పబోతే పోగు వదులైంది. అదే దారం తీసుకుని, అక్క కుర్చీలో కూర్చుని, ఎడమచేత్తో సాధన మొదలుపెట్టింది. అక్కలా కూర్చుని అక్కలా తిప్పితే లోపల ఏదో కదులుతుందేమోనని ఎదురుచూసింది. మణికట్టు నొప్పెట్టింది, అంతే. మూడో రోజుకు దారం మాట విన్నది. అప్పుడు ఎరుపు అందుకుంది.

శనివారం ఆవిడ పువ్వును కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పింది.

"ఇందులో నీ రేకులేవో చెప్పు పిన్నీ."

"తెలియడం లేదుగా. చాలు, తీసుకెళ్లు."

ఆవిడ వెళ్లాక బల్ల తుడిచింది. ఎడమచేతి వాటానికి చేయించిన అక్క కత్తెర తన చేతిలో ఇమడదు గనుక సొరుగులో పెట్టింది. తరవాత తన కుర్చీలో కూర్చుని, కొత్త పువ్వు మొదటి రేకును కుడిచేత్తో, ఎప్పటిలా ఇటు వాలుగా చుట్టడం మొదలుపెట్టింది.