ఆముదం పోసిన ఆయిలు బ్రేకులు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నార్కట్‌పల్లి చుట్టుపక్కల చెప్పుకునే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే. సీతాఫలాల గుట్ట మీది తెల్లచీర నాది. పాడుబడ్డ మోటబావిలో ఏడుపూ నాదే. అలాంటివాడికి భయం ఎక్కడిది? అయినా ఈ ఒక్క సంగతి మాత్రం ఏమీ కలపకుండా చెబుతున్నాను.

అరవైల్లో మా బావ హైదరాబాదులో ఒక పాత రెండు తలుపుల చిన్న కారు కొన్నాడు. దాని బ్రేకులు ఇనుప కమ్మీలవి. తొక్కితే కారు అడుగున కమ్మీలు గుంజుకుని చక్రాలను పట్టేవి. అప్పుడది ఎండిన ఇరుసులా కీచుమని మూలిగి, ఎడమకు లాగి, తనకు తోచిన చోట ఆగేది.

అక్క చంకలో ఏడాది నిండని కూతురు. “ఆగుతదో ఆగదో తెల్వని బండిల పిల్లనెట్ల ఎక్కిస్త?” అని మొండికేసింది. పిల్ల పుట్టువెంట్రుకలకు యాదగిరిగుట్టకు పోవాలి. బావకు బ్రేకులు మార్చక తప్పలేదు.

నార్కట్‌పల్లిలో మస్తాన్ అనే మెకానిక్ మరో కారు నుంచి, కమ్మీల బదులు గొట్టాల్లోని నూనె ఒత్తిడితో పట్టే ఆయిలు బ్రేకులు తెచ్చి బిగించాడు. ఊడదీసిన కమ్మీలను మా ఊరి కమ్మరి సాగగొట్టి కొడవళ్లు చేశాడు. అది వానకాలం. అప్పటి నుంచి కారు చప్పుడు లేకుండా, తిన్నగా ఆగేది.

బ్రేకు ఆయిల్లో ఆముదం కలుస్తుందని మస్తాన్ మాటవరసకు అన్నాడు. మా బావ అదే పట్టుకున్నాడు. ఎండాకాలంలో గుట్టకు బయలుదేరే ముందు, ఆయిలు తగ్గిందని ఇంటి ఆముదం పోశాడు.

“డబ్బల నూనె ఎందుకు బామ్మర్దీ? మన చేన్ల పండింది, మీ అక్క వండింది. గింత చిక్కటిది ఆ మస్తాన్ ఎన్నడన్న చూసిండా?”

మొక్కు తీరింది. పిల్ల గుండుకు గంధం పూసి, కారులో గుట్ట దిగుతున్నాం. బావ చెప్పులు విడిచి వట్టి కాళ్లతో నడుపుతున్నాడు. రెండు మలుపులు బాగానే తిరిగాం. మూడో మలుపు దాటాక ఆయన గొంతు మారింది.

“బామ్మర్దీ, తొక్కుడు కిందికి పోతాంది.”

బ్రేకు తొక్కిన ఆయన పాదం కారు నేలకు ఆనుకుని ఉండటం నా కళ్లతో చూశాను. చేతి బ్రేకు ఎప్పుడూ అలంకారమే. గేరు తప్పి, మళ్లీ పడలేదు. కింద రోడ్డు నిండా గొర్రెల మంద, దాని వెనక ఒక ముసలమ్మ. పక్కన లోయ. అక్క పిల్లను పొట్టకు అదుముకుని వంగిపోయింది.

అప్పుడు కారు అడుగున కీచుమని మూలిగింది. ఎడమకు లాగింది. గుట్ట వైపు రాళ్లను రాసుకుంటూ ఆగింది. అప్పటికీ బావ పాదం నేల మీదే ఉంది.

ముసలమ్మ వచ్చి కోప్పడింది. “గింత సప్పుడేంది బిడ్డా మీ బండిది? ఇని పక్కకు జరిగిన గాబట్టి బతికిన. గొర్లన్నీ బెదిరినయ్.”

అంటే ఆ చప్పుడు మా చెవుల్లో పుట్టింది కాదు.

కారును తాళ్లతో కట్టి నార్కట్‌పల్లికి లాగించాం. మస్తాన్ ఆయిలు వాసన చూసి తల పట్టుకున్నాడు. “నీళ్లు పోసి ఉడికించిన ఆముదం గదా పటేలా. అండ్ల నీళ్లు మిగిలితయి. ఎక్కువసేపు తొక్కితే కాగి ఆవిరైతయి. ఇగ తొక్కుడు కిందికి పోదా?”

బ్రేకు ఎందుకు పోయిందో అలా తెలిసింది. కారు ఎందుకు ఆగిందో చెప్పమన్నాను. అతను కారు కిందికి దూరి చాలాసేపు బయటకు రాలేదు. తర్వాత నన్ను పిలిచాడు.

కారు అడుగున, పాత కమ్మీలు దూరే కొక్కేల్లో రంధ్రాలు ఉన్నాయి. వానకాలం నుంచి ఖాళీగా ఉండి కొక్కేలన్నీ తుప్పుపట్టాయి. రంధ్రాల లోపలి అంచులు మాత్రం అప్పుడే రాపాడినట్టు తళతళలాడుతున్నాయి. వేలు పెట్టి చూశాను. నున్నగా ఉన్నాయి.

రాళ్లకు రాసుకుని ఆగిందని కొందరన్నారు. కావచ్చు. మరి రంధ్రాల లోపలికి రాళ్లెలా వెళ్తాయి?

మస్తాన్ వేలితో గ్రీజు తీసి, కమ్మీలు ఇంకా ఉన్నట్టే ఆ వట్టి రంధ్రాలకు రాశాడు. పిల్లను భుజాన వేసుకుని నిలబడ్డ అక్క కిందికి వంగి చూసింది.

“ఇంకింత పెట్టు అన్నా,” అంది.